టర్కీ కోళ్ళకు నా జ్వరం అంటిందా?

చి.ల.సౌ. రాజ్యానికి,

అక్క దీవెనలు. నీ మోకాళ్ళ నొప్పి తగ్గిందా? మరిదిగారు ఇంకా టీవీతోనే వాదిస్తున్నారా? నా జ్వరం పోయింది, కంగారుపడకు.

మంగళగిరి వదిలి మార్టూరు దగ్గర పద్మ ఇంటికి వచ్చాక, కూతురింట్లో ఊరికే కూర్చోలేక దాని టర్కీ కోళ్ళను నెత్తినేసుకున్నానని రాశాను కదా. ఇక్కడ పగలంతా గ్రానైటు కోసే రొద. నాతో తీరిగ్గా మాట్లాడేవి ఆ కోళ్ళే. ఒక్క మాటంటే చాలు, అన్నీ కలిసి బదులిస్తాయి. నా క్లాసులో ఏనాడూ అంత శ్రద్ధ చూడలేదు.

పోయిన నెల ఎదురింటావిడ వచ్చి, "ఎంత బొద్దుగా ఉన్నాయండీ!" అని వెళ్ళింది. సైన్సు టీచర్నే అయినా, ఎందుకైనా మంచిదని ఉప్పూ మిరపకాయలూ తిప్పి, వాటి మీదికి వంగి తూ తూ తూ అన్నాను. అప్పటికే నా ముక్కు కారుతోంది. మర్నాడు మంచమెక్కాను. ఫ్లూ అన్నారు. నేనింకా లేవకముందే గుడ్లు సగానికి పడిపోయాయి.

"దిష్టి తీశావో, రోగం పెట్టావో! ఇక షెడ్డు వైపు రాకమ్మా," అంది పద్మ.

నాకు కోపం కన్నా ఆశ్చర్యం ఎక్కువైంది. కోళ్ళ జ్వరం మనకొస్తుందని భయపడ్డాం గానీ, మన జ్వరం కోళ్ళకు పోతుందా? పద్మ పిలిపించిన పశువుల డాక్టరమ్మను కిటికీలోంచే అడిగాను.

"మామూలు కోళ్ళకు అంత తేలిగ్గా అంటదు మామ్మగారూ. టర్కీలకు మాత్రం, మనుషుల్లో స్వైన్‌ఫ్లూ తిరిగినప్పుడు కొన్ని దేశాల్లో మనుషుల నుంచే సోకింది. అప్పుడూ గుడ్లే తగ్గాయి. పరీక్ష చేద్దాం," అని వాటి గొంతుల్లో దూదిపుల్లలు తిప్పి తీసుకెళ్ళింది.

"నాదేనని తేలితే?" అన్నాను.

"నిన్ను పిన్ని దగ్గరికి పంపేస్తా," అంది పద్మ. నవ్వుతూనే అంది గానీ, షెడ్డు తాళంచెవి కొంగున కట్టుకుంది.

నిన్న ఫలితం వచ్చింది. వాటికి ఫ్లూ లేదు. "మరి గుడ్లు?" అంది పద్మ.

"తెల్లవారుజామున షెడ్డులో లైటెవరు వేస్తారండీ?" అని అడిగింది డాక్టరమ్మ.

వేసేది నేనే. నేను పడుకున్నాక ఎవరికీ గుర్తే రాలేదు. పగలు కురచైందనుకుని కోళ్ళు గుడ్లు తగ్గించేశాయి.

పద్మ తాళంచెవి తెచ్చి నా చేతిలో పెట్టింది, మాస్కుతో సహా. వేసుకుంటున్నాను. ఈసారికి అంటలేదంతే, ఎప్పటికీ అంటదని కాదుగా. నువ్వొచ్చేటప్పుడు రెండు నేత తువ్వాళ్ళు తే. జలుబు మాత్రం అక్కడే వదిలి రా.

మీ అత్తగారికి నా నమస్కారాలు చెప్పి, ఆవిడ దీవెనలు నాకూ అడుగు. పిల్లలకు ముద్దులు.

నీ అక్క,
సుభద్ర

తా.క. పొద్దున ఎదురింటావిడ మళ్ళీ వచ్చి, "ఇంకా బొద్దెక్కాయే!" అంది. దిష్టి తీశాను, మాస్కు వేసుకునే. తూ అనలేదు. మనసులో అనుకున్నాను.