బాపు ఒక్కడే నవ్వాడు

కడోదరా,
మంగళవారం.

లోకంలోని సినిమాలన్నిటికీ తీర్పు చెప్పే మా బాపుకు,

కోపంతోనే దండాలు. క్షేమమని రాస్తే అబద్ధమవుతుంది, అందుకే రాయడం లేదు. నా స్నేహితురాలు విజేత గదిలో ఉంటున్నాను. ఇక్కడినుంచే చీరల డిజైన్ల ఆఫీసుకు వెళ్తున్నాను. ఫోన్ చేస్తే నువ్వు ఎత్తవు. ఎత్తినా నా గొంతు వినగానే అమ్మ చేతికిస్తావు. బిడ్డతో రెండు మాటలు మాట్లాడడానికి కూడా నీకు మనసొప్పదు. అందుకే ఉత్తరం. తెలుగు కాని ఈ ఊళ్లో వెతికి తెలుగు బడిలో వేసి అక్షరాలు నేర్పించింది నువ్వే కదా, నిన్ను తిట్టడానికి అవే పనికొస్తున్నాయి.

ఆదివారం సమాజం హాల్లో నా సినిమా వేశాను. ఏడాది పాటు సెలవు దొరికినప్పుడల్లా తీసిన సినిమా. మా ఆఫీసు శివకృష్ణ తన కెమెరా తెచ్చాడు, మీ కార్ఖానా శేఠ్ కాళ్లావేళ్లా పడి చీరలు నేసే సాంచెల మధ్య షూటింగ్ చేశాం. గల్లీ అంతా వచ్చింది. నిన్ను ముందు వరసలో కూర్చోబెట్టాను. మొదటి టైటిల్ అట్ట మీద "మా బాపుకు" అని వేశాను. నువ్వు చూశావు కూడా.

సినిమాకంతా ప్రాణం సాంచెల సీను. ఊళ్లో తల్లి చనిపోయిందని కబురొస్తుంది, నడుస్తున్న సాంచెల మధ్య కొడుకు నిలబడి ఏడుస్తాడు. మాటల్లేవు, చప్పుడొక్కటే. మన పక్కింటి కనకవ్వ కొంగుతో కళ్లు తుడుచుకుంటోంది. అప్పుడు నువ్వు నవ్వావు బాపూ. తొడ చరిచి, కడుపు పట్టుకుని నవ్వావు. నువ్వొక్కడివే. నా తల కొట్టేసినట్టయింది.

అయినా ఓర్చుకున్నాను. అయిపోయాక అందరి ముందూ అడిగాను, "ఎట్లుంది బాపూ?" అని. ఏమన్నావో గుర్తుందా?

"ఏమున్నది బిడ్డా? మాటలే లెవ్వు. మనుషుల మొకాలే లెవ్వు. గా సాంచెల సీను ఒక్కటే సినిమా. మిగిలిందంత బేకార్."

పుండు మీద కారం చల్లడమంటే ఇదే. నవ్విన సీనునే మెచ్చుకుని ఎగతాళి చేస్తావా?

తప్పు నాదేలే. నీ తీర్పులు నాకు కొత్తా? ఉధనా హాలులో తెలుగు బొమ్మ పడితే చాలు, పాన్ గల్లా కొట్టు దగ్గర "లింగన్న ఏమన్నడు?" అని అందరూ ఎదురుచూస్తారు. లింగన్న ఎప్పుడూ ఒకటే అంటాడు, బాగలేదని. దసరాకొచ్చిన ఆ పెద్ద సినిమాను "గడ్డమే నటిస్తున్నది" అన్నావు. సరే, అది నాకూ నచ్చలేదు. హీరో నడవడానికే అరగంట, హీరోయిన్ పాటకు వచ్చి పాటతో పోయింది, కథ అడిగితే రెండో భాగంలో చూడమన్నారు. టికెట్టు కొన్నవాళ్లను అంత వెర్రివాళ్లను చేసిన సినిమా ఈ మధ్య లేదు. కానీ నేను కష్టపడి నీకు చూపించిన ఆ పోలీసు సిరీస్ చేసిన పాపమేమిటి? ఎనిమిది భాగాలు, ఒక్క మాట ఎక్కువ లేదు. హంతకుడు తల్లితో మాట్లాడే చోట ఊపిరాడలేదు నాకు. నువ్వేమో, "కరెంటు బిల్లు గట్టలేదా ఏంది వీళ్లు, గంత చీకటి?" అని లేచిపోయావు. పాటలంటావా, "కుర్చి అదిరితే పాటనుకోవాలె" అంటావు. ఇంత గొప్ప విమర్శకుడివి, రోజూ అమ్మతో కూర్చుని ఆ అత్తాకోడళ్ల సీరియల్ మాత్రం రెప్ప వేయకుండా చూస్తావు. ఒక్కొక్కరి ముఖం మూడేసిసార్లు చూపించే చెత్త నీకు బంగారం, నా సినిమా బేకార్.

నీకు చెప్పడం చెవిటివాడి ముందు శంఖం ఊదడమే. ఇక ఊదను. సినిమాను హైదరాబాద్ పోటీకి పంపిస్తున్నాను. "మా బాపుకు" అన్న అట్ట తీసేశాను. ఇంటికి రాను. ఇకపై ఏ సినిమా ఎట్లుందని నిన్ను అడగను.

ఒకప్పటి నీ బిడ్డ,
హిమశ్రీ

*

డిండోలి,
శుక్రవారం.

నా బంగారు తల్లి హిమశ్రీకి,

బాపు దీవెనలు. కోపం నీకొక్కదానికే ఉందనుకోకు. నీ ఉత్తరం చదివినప్పటినుంచి నాకూ కడుపు మండుతోంది. మీ అమ్మ అన్నం పెడుతూ తిడుతోంది, తిడుతూ పెడుతోంది. ఆమె పెదవులు చూస్తే ఏమంటోందో తెలుస్తోంది, తల పక్కకు తిప్పుకుంటే బతికిపోతున్నాను.

చెవిటివాడి ముందు శంఖం అన్నావు. నువ్వు సామెతకు రాశావు. నాకది సామెత కాదు బిడ్డా. నాకు చెవులు వినపడవు. ఒకటి పూర్తిగా పోయింది. రెండోదానిలో సాంచెల చప్పుడొక్కటే ఉంది, కార్ఖానా బందైన రోజు కూడా అది ఆగదు. ఒక్కరోజులో పోయింది కాదు, చీర రంగు వెలిసినట్టు మెల్లగా పోయింది. ఫోన్‌లో నీ గొంతు నాకు గొంతుగా రాదు, బుర్రుమంటుంది. తప్పు జవాబు చెప్తే నీకు తెలిసిపోతుందని అమ్మకిస్తాను. నీకు చెప్పవద్దని అమ్మ చేత ఒట్టు వేయించుకున్నాను.

ఎందుకు చెప్పలేదంటావా? నువ్వు బడికి పోయేటప్పటినుంచి మనిద్దరికీ సినిమాయే మాట. సినిమా చూసి గడప తొక్కగానే "ఎట్లుంది బాపూ?" అని ఎదురొచ్చేదానివి. నాకు వినపడదని తెలిస్తే ఆ మాట అడగడం మానేస్తావని భయపడ్డాను. ఇప్పుడు ఎట్లాగూ మానేస్తానని రాశావు.

కార్ఖానాలో చెవులతో ఎవడికి పని? సాంచెలు నడుస్తుంటే చేతులతో, పెదవులతోనే మా ముచ్చట్లన్నీ. ఆ చదువుతోనే ఎదురుగా ఉన్నప్పుడు నీతో మాట్లాడుతున్నాను, సినిమాలూ చూస్తున్నాను. పాత సినిమాల్లో ఇబ్బంది లేదు. దీపాలు వేసేవాళ్లు, మనిషి ఎదురుగా నిలబడి నోరు తెరిచి మాట్లాడేవాడు. ఇప్పుడు ఈ దొంగలకు ఏం రోగమొచ్చింది? హీరో మూతి గడ్డంలో దాక్కుంటుంది. మిగిలిన మూతికి చుట్ట పొగ అడ్డం. ముఖ్యమైన మాట చెప్పాలంటే వీపు తిప్పుతాడు, వీపుతో ఎవడు మాట్లాడతాడు? నువ్వు మెచ్చుకున్న పోలీసు సిరీస్‌లో తల్లీకొడుకులు చీకట్లో కూర్చున్నారు. నాకు రెండు నీడలు తప్ప ఏమీ కనపడలేదు. ఇంక మన హీరోయిన్లు! మొన్న ఒకామె హీరో శవం మీద పడి ఏడుస్తోంది. హాలంతా ముక్కులు చీదుతోంది. ఆమె పెదవులు మాత్రం "ఏక్, దో, తీన్, చార్" అంటున్నాయి. తెలుగు రాని పిల్లకు అంకెలు చెప్పి ఏడిపించారు, తర్వాత ఇంకెవరిదో గొంతు పెట్టుకున్నారు. అందరూ ఏడుస్తుంటే నేను ఆమెతోపాటు లెక్కపెడుతూ కూర్చున్నాను. మండదా నాకు? మీ అమ్మ సీరియల్ చెత్తే. కానీ ఆ చెత్తలో దీపాలన్నీ వెలుగుతుంటాయి, మూడుసార్లు ముఖం చూపిస్తారు. మొదటిసారి తప్పితే రెండోసారి దొరుకుతుంది.

నీ సినిమాకు ఎంత ఆశతో వచ్చానో మీ అమ్మనడుగు. ఇస్త్రీ అంగీ వేసుకున్నాను. నువ్వు కూడా వాళ్లలాగే తీశావు. నీ హీరోకు గడ్డం పెట్టావు, చీకట్లో కూర్చోబెట్టావు, ఏడిచేటప్పుడు వీపు తిప్పించావు. బిడ్డ సినిమాలో బిడ్డ రాసిన మాట ఒక్కటీ నాకు దక్కలేదు. ఆ మంటతో బేకార్ అన్నాను. అన్నది నిజమే, వెనక్కి తీసుకోను.

ఇక నవ్వు సంగతి. సాంచెల సీనులో వినపడేవాళ్లందరూ ఏడుస్తున్న వీపును చూశారు. నాకు పెదవి ఎక్కడ కదిలితే కళ్లు అక్కడికి పోతాయి. వెనక సాంచె దగ్గర మన పరుశురాం ఉన్నాడు. వాడు కెమెరా వైపు తిరిగి ఏమన్నాడో ఎవరూ చూడలేదు. "ఓ లింగన్నా, నీ బిడ్డ పొద్దటిసంది చాయ్ సుక్క పొయ్యలే. ఈని తల్లి సచ్చింది సరే, గిట్లనైతే మేం గూడ సస్తం" అన్నాడు. ఎట్లా నవ్వకుండా ఉంటాను చెప్పు? ఎన్నో ఏళ్ల తర్వాత ఒక సినిమా నన్ను పేరు పెట్టి పిలిచింది. అందుకే ఆ సీనొక్కటే సినిమా అన్నాను. ఎగతాళి కాదు.

పేరు తీసేశావు, మంచిది. వినపడనివాడి పేరు అట్ట మీద ఎందుకు? వేళకు తిను.

నీ బాపు,
లింగమూర్తి

*

కడోదరా,
బుధవారం.

నా మొండి బాపుకు,

నీ ఉత్తరం చదివి ముందు ఏడ్చాను. తర్వాత నీ మీద రెట్టింపు కోపమొచ్చింది. ఇంకా తగ్గలేదు.

లాప్‌టాప్ పట్టుకుని పరుశురాం కాక ఇంటికి వెళ్లాను. సీను ఆపి, పెదవులు చూపించి, "ఏందిది కాకా?" అని నిలదీశాను. ఆయన సిగ్గుపడి తల గోక్కున్నాడు. "నువ్వే గదా బిడ్డా, ఏదో ఒకటి అను, ఎట్లనన్న ఇనబడదు అన్నవు. ఇనబడకున్న మీ బాపు సూస్తడని ఆయనకే జెప్పిన" అన్నాడు. నిజమే, ఆ మాట నేనే అన్నాను. సాంచెల మధ్య బతికిన మనుషులతో వినపడదు కాబట్టి ఏమన్నా ఫరవాలేదని అన్నాను!

కానీ నా కోపం దానికి కాదు. నీ చెవుల సంగతి పరుశురాం కాకకు తెలుసు. కార్ఖానా అంతటికీ తెలుసు. అమ్మకు తెలుసు. నాకొక్కదానికే తెలియదు. గల్లీకంతా సినిమాల నిజం చెప్పే మనిషివి, బిడ్డకు నీ నిజం చెప్పలేకపోయావా? హాల్లో అందరూ నవ్వాక ఒక్క క్షణం ఆలస్యంగా నవ్వేవాడివి. నేనేమో మా బాపు గంభీరమైనవాడని మురిసిపోయాను. అడగడం మానేస్తానని ఎట్లా అనుకున్నావు? ఆ సామెత రాసిన నా చేతిని విరగ్గొట్టుకోవాలనిపిస్తోంది. రాయించింది మాత్రం నువ్వే.

నిన్న శబ్దం పూర్తిగా తీసేసి దసరా సినిమా మళ్లీ చూశాను. తర్వాత నాకిష్టమైన సిరీస్ చూశాను. గడ్డాలు, పొగ, నీడలు, వీపులు. నువ్వు తిట్టింది తక్కువే. చివరికి నాది కూడా అట్లాగే చూశాను. పదినిమిషాలకే విసుగొచ్చింది. ఎవరు ఎవరితో ఏమంటున్నారో, తీసినదానికి నాకే తెలియలేదు. పెద్దవాళ్లు చీకట్లో తీస్తే గొప్పగా ఉందని నేనూ దీపాలార్పాను. ఆ బుద్ధిలేనితనానికి నన్ను కూడా తిట్టు, పడతాను.

సినిమా పోటీకి ఇంకా పంపలేదు. ముందు మాటలన్నీ కింద తెలుగు అక్షరాల్లో వేశాను, పెద్దగా, పసుపు రంగులో. సాంచెల సీనులో పరుశురాం కాక మాట తీసేయమని శివకృష్ణ బతిమాలాడు. జనం ఏడవాల్సిన చోట నవ్వుతారట, పోటీలో సీను పాడవుతుందట. నవ్వనీ అన్నాను. కాక అన్నది అన్నట్టే వేశాను, చాయ్ సుక్కతో సహా. "మా బాపుకు" అన్న అట్ట మళ్లీ పెట్టాను. వద్దంటే అది కూడా నాకు వినపడదు.

శనివారం నిన్ను చెవుల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తాను. కార్ఖానా పేరు చెప్పి తప్పించుకోకు, పరుశురాం కాక నీ సాంచెలు చూసుకుంటానన్నాడు. డాక్టర్ ఏం చెప్పినా సరే, మర్నాడు సమాజం హాల్లో మళ్లీ ఆట వేస్తున్నాం. అందరికీ చాయ్ కూడా. ముందు వరసలో కూర్చో. ఈసారి హాలంతా నవ్వుతుంది, నువ్వు ఎవరికోసమూ ఆగకుండా నవ్వు.

ఆట అయిపోగానే దీపాలన్నీ వేయిస్తాను. నీ ఎదురుగా నిలబడి అడుగుతాను, "ఎట్లుంది బాపూ?" అని. నా మొకం చూసి జవాబు చెప్పు. బేకార్ అన్నా సరే.

నీ మీద కోపం తీరకపోయినా ఇంటికొస్తున్న,
హిమశ్రీ