పైనుంచి అన్నీ చూశాడట

జూన్ 9

ఆయన చచ్చి బతికి ఇవాళ్టికి ఇరవై రెండు రోజులు. వాకిట్లో మళ్ళీ చెప్పుల గుంపు. ఈసారి మోత్కూరు నుంచి భార్యాభర్తలు. చేతిలో కొబ్బరికాయ. కొబ్బరికాయ! దిండుకు ఆనుకుని కాళ్ళు చాపుకున్న నా మొగుడికి! చాయ పెట్టి ఇచ్చాను. ఇంకేం చేస్తాను.

ఆయన మొదలుపెట్టాడు. నల్గొండ బస్టాండులో కుప్పకూలడం... దవాఖానలో గుండె ఆగిపోవడం... డాక్టర్లు రొమ్ము మీద ఒత్తడం. "నేను పైనున్న. ఫ్యాను పక్కన. కింద నన్ను నేనే చూస్తున్న. నొప్పి లేదు, ఫికర్ లేదు. దూది లెక్క ఉన్న."

తర్వాత నా వంతు. "మా ఆమె తలుపు బయట కింద కూసోని, కొంగు నోట్లె కుక్కుకొని ఏడుస్తాంది. అది చూసినంక మనసు ఆగలే. మల్ల లోపల్కి దుంకిన."

అందరూ నా వైపు తిరిగారు. ఆ ఆడమనిషి కళ్ళు తుడుచుకుంది.

నేను ఏడవలేదు. కూర్చోనూ లేదు.

జూన్ 10

రాసేస్తాను. కూతురు స్వప్న పాత నోట్‌బుక్కు ఇది, బట్టల కింద ఉంటుంది, ఎవరూ ముట్టరు.

ఆ రోజు తలుపు సందులోంచి చూస్తూ నిలబడ్డాను. మరిది యాదగిరి మందుల చీటీ పట్టుకుని కిందికి ఉరికాడు. లోపల పక్కటెముక విరిగిన చప్పుడు... విన్నాను. డాక్టరు ఒక్క నిమిషం బయటికి వచ్చాడు. నుదుటి నిండా చెమట. "ఇంకా చూస్తున్నామమ్మా" అన్నాడు. నేనన్నాను — "చాలు సార్. ఇగ ఇడిసిపెట్టుండ్రి."

డాక్టరు నన్ను ఒకసారి చూసి లోపలికి పోయాడు. కాసేపటికి గుండె కొట్టుకుందన్నారు.

నా మొగుడు నిజంగా పైనుంచి చూసి ఉంటే ఆ మాట కూడా విని ఉంటాడు. నా భయం అదొక్కటే.

జూన్ 12

ఎందుకన్నాను? ఆ ఎముక చప్పుడు భరించలేక అన్నానని రాసుకోవచ్చు. అది నిజమే. కానీ అంతా అదే కాదు. ఆరేళ్ళుగా మోకాళ్ళ నొప్పులని మగ్గం ఎక్కడు. చాయ్ హోటల్లో మాత్రం పొద్దంతా కూర్చోగలడు. నూలు ఆసు పోసేదీ నేనే, మగ్గమూ నేనే, వంటా నేనే. ఆ తలుపు దగ్గర నిలబడ్డప్పుడు ఒక్క క్షణం — ఇక అయిపోయింది, కాసేపు పడుకోవచ్చు అనిపించింది. ఛీ. నేనేం మనిషిని.

జూన్ 13

పది మంది వచ్చారు. చక్కెర అయిపోయింది.

జూన్ 15

స్వప్న ఫోన్. నల్గొండలో నర్సింగు రెండో సంవత్సరం, ఇప్పటికే సగం డాక్టరమ్మలా మాట్లాడుతుంది. మెల్లగా అడిగాను, బాపు చెప్పేది నిజమేనా బిడ్డా అని.

"మెదడుకు రక్తం అందకుంటే గట్లనే ఆటలాడుతది అమ్మా. పైకి పోవుడు లేదు, ఏం లేదు."

నెత్తి మీది బరువు దిగినట్టయింది. అంతలోనే —

"కానీ కొందరికి చెవులు పనిచేస్తనే ఉంటయట. పక్కన మాట్లాడింది యాదికుంటదట."

"మాటలు గూడనా?"

"అవ్. ఎందుకే అమ్మా?"

"ఏం లేదు. తిన్నవా?"

పక్కన అంటే ఎంత పక్కన? తలుపు బయట కూడా పక్కనేనా? అడగలేకపోయాను.

జూన్ 18

పొద్దుటి నుంచీ ఆసు పోస్తున్నాను. భుజం పడిపోతోంది. చీరకు రంగులు అద్దకముందు అడ్డపోగుల పేక నూలంతా ఈ ఆసు చట్రం మేకుల చుట్టూ తిప్పాలి. చెయ్యి ఇక్కణ్నుంచి అక్కడికి, అక్కణ్నుంచి ఇక్కడికి. ఒక్క చీరకు ఎన్ని వేలసార్లో. ఆసు పోసే మిషన్లు వచ్చి ఎన్నేళ్ళయింది! మన ఇంటికి ఒకటి తెద్దామంటే, "నీ చేతులుండంగ మిషనెందుకే" అన్నాడు.

ఎవరికీ చెప్పనిది ఒకటుంది. అలా తిప్పుతూ తిప్పుతూ ఉంటే ఒక వేళప్పుడు చెయ్యి దానంతటదే పోతుంటుంది, నేను మాత్రం పైన దూలం దగ్గర ఉంటాను. కింద ఒక ఆడది ఆసు పోస్తుంటుంది. ఆమె పాపిట కనిపిస్తుంది. నొప్పి ఆమె దగ్గరే ఉండిపోతుంది. నేను దూదిలా ఉంటాను. ఎవరైనా పిలిస్తే దబ్బున కిందికి పడతాను.

పెళ్ళయిన ఏడాదే మొదలైంది. సంబరంగా ఆయనకే చెప్పాను. పడీపడీ నవ్వాడు. "దయ్యం పట్టినట్టుంది" అని అత్తమ్మకు చెప్పాడు. ఆమె ఊకుంటుందా, తాయెత్తు తెచ్చి కట్టింది. ఆ తర్వాత నేను నోరు విప్పలేదు. ఇప్పటికీ అవుతూనే ఉంటుంది. నాకెవరూ కొబ్బరికాయ తేలేదు.

జూన్ 20

దొరికాడు! దొంగ దొరికాడు!

కర్టెన్ వెనక చాయ వడపోస్తున్నాను. లోపల ఆయన గొంతు — "పైనుంచి చూస్తే నా పాపిట నాకే కనబడ్డది. తెల్లబడ్డ ఎంటికలు గూడ."

పాపిట! పదేళ్ళయింది ఆ నెత్తి మీద గడ్డి మొలవక. బట్టతలకు పాపిటెక్కడిది? అది నాది. ఆ దూదీ నాదే. అప్పుడు నవ్విన నోటితోనే ఇప్పుడు అమ్ముకుంటున్నాడు. కొత్తేముంది? రాష్ట్రం వచ్చిన ఏడాది నేను నేసిన నమూనా చీర తనదని చూపించి నల్గొండ స్టేజీ మీద శాలువా కప్పించుకోలేదా? కింద మూడో వరసలో కూర్చుని చప్పట్లు కొట్టింది నేనే కదా.

కానీ ఈసారి కోపంతో పాటు సంతోషం కూడా. అంతా కల్పితమే అయితే ఏమీ చూడలేదు. ఏమీ వినలేదు. నెల తర్వాత ఇవాళ కడుపునిండా తిన్నాను.

జూన్ 23

జరిగింది జరిగినట్టు రాస్తాను.

మధ్యాహ్నం వెనక గల్లీ పద్మ వచ్చింది. మొగుడు బండి ప్రమాదంలో పోయి నాలుగు నెలలు కాలేదు. పిల్ల ఎండిపోయి పుల్లలా అయింది. ఆయన మంచం దగ్గర కింద కూర్చుని, "అన్నా... మా ఆయన గాడ కనబడ్డడా?" అంది.

లేదను, లేదను అని నేను లోపల్లోపల అంటూనే ఉన్నాను.

"కనబడ్డడు చెల్లె. తెల్లంగి తొడుక్కున్నడు. రంది పెట్టుకోవద్దని చెప్పుమన్నడు."

పద్మ నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. పోతూ పోతూ ఆయన కాళ్ళకు మొక్కింది.

ఆమె గల్లీ మలుపు తిరిగేదాకా ఆగి తలుపేశాను. "సిగ్గు లేదా నీకు? పాపిట నాది. దూది నాది. గా పిల్లకు ఏం చూసి చెప్పినవ్?"

అరుస్తాడనుకున్నాను. అరవలేదు. "పద్మకు చెప్పింది అబద్ధమే" అన్నాడు. "ఇంటికి పోయి జర ముద్ద తింటదని చెప్పిన. పాపిట నీదే. దూది నీదే. నాకు చెప్పరాకపాయె. నీ మాటలు తప్ప గా ముచ్చటకు ఏరే మాటలు నాకు తెల్వయి. కానీ చూసింది నేనే."

"ఏం చూసినవ్? చెప్పు, ఏం చూసినవ్?"

దిండు సర్దుకున్నాడు. నా మొహం చూడకుండా — "చాలు సార్ అన్నవ్ గదా నువ్వు."

తలుపుకు గొళ్ళెం కూడా పెట్టాను.

"ఏడ్చినవని నేనే కల్పించిన. మందికి మల్లేం చెప్పాలె? గా మాట చెప్పాలెనా?"

జూన్ 24

నెల రోజులు. ఆ మాట తెలిసి నా చేతి అన్నం నెల రోజులు తిన్నాడు. మాత్రలు నా చేత్తో వేయించుకున్నాడు. ఒక్క రోజు కూడా బయటపడలేదు. నన్ను కాపాడాడా, లేక సమయం చూసి కొడదామని దాచిపెట్టుకున్నాడా? మంచితనమైతే ఇంకా మంటగా ఉంది. ఇన్నేళ్ళలో లేని మంచితనం ఇప్పుడెందుకు, నేను తిట్టుకోవడానికి కూడా లేకుండా!

జూన్ 25

యాదగిరి చెప్పి ఉంటాడు. అదే అయి ఉంటుంది.

మందులు తెచ్చి అప్పటికే నా వెనక నిలబడి ఉన్నాడా? ఎంత గుర్తుచేసుకున్నా డాక్టరు చెమటే కనిపిస్తోంది, నా వెనక ఏముందో కనిపించడం లేదు. ఉండబట్టలేక వాళ్ళింటికి పోయాను. మగ్గం గుంటలో కాళ్ళు పెట్టి తెగిన పోగు అతుకుతున్నాడు.

"ఏం వదినా, గిట్లొచ్చినవ్?"

"ఊకనే. కారం పట్టియ్యాలె, గిర్నీ తెరిచిండో లేడో అని."

చాయ తాగాను. గిర్నీ గురించి మాట్లాడాను. తిరిగి వచ్చాను. అడిగితే నేనే చెప్పుకున్నట్టవుతుంది. యాదగిరి మామూలుగానే నవ్వాడు. తెలిసినవాడు కూడా అలాగే నవ్వుతాడు.

జూన్ 26

చెవులతో విన్నాడో. తమ్ముడు చెప్పాడో. నిజంగానే ఆ ఫ్యాను పక్కనుంచి చూశాడో...

నిజంగానే అయితే నాదీ నిజమే కదా. దయ్యం కాదు, పిచ్చీ కాదు. ఇన్నేళ్ళుగా నేను కోరుకున్నది అదే. ఇప్పుడు అది అబద్ధమైపోవాలని దేవుడికి మొక్కుతున్నాను. నా బతుకు ఎట్లా అఘోరించిందో చూడు.

జూన్ 27

అన్నం పెట్టాను. తిన్నాడు.

జూన్ 29

పద్మ మళ్ళీ వచ్చింది. అత్తను కూడా వెంటబెట్టుకొచ్చింది. మొహం కాస్త తేటగా ఉంది, తింటున్నట్టుంది. ఆయన మొత్తం మళ్ళీ చెప్పాడు — బస్టాండు, ఫ్యాను, దూది. నా వంతు వచ్చేసరికి ఆగాడు. ఇన్ని రోజుల్లో ఆ చోట ఎప్పుడూ ఆగలేదు. నా వైపు చూశాడు. నేనూ చూశాను. ఏం చెబుతాడో నాకు తెలియలేదు.

"ఏడుస్తాంది" అన్నాడు మెల్లగా. "కొంగు నోట్లె కుక్కుకొని."

పద్మ లేచి వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "ఎంతేడ్చినవో వదినా. నాకు తెల్సు."

"ఏడ్చిన" అన్నాను. నా నోటితో అనడం ఇదే మొదటిసారి.

అంటూ అంటూ, పైకి పోతానేమో అని చూశాను. దూలం దగ్గరికి... ఒక్క నిమిషమైనా. పోలేదు. పద్మ చేతిలో చెయ్యి పెట్టి అక్కడే నిలబడి ఉన్నాను.