తోలు మీద అరచేతులు

మంగళవారం, రాత్రి

తోలు పాడుచేసింది సాయిలన్న. మాట పడింది నేను.

చౌటుప్పల్‌లో ఆయన చెప్పుల షాపులో చేరినప్పటి నుంచీ నాది కుట్టుపనే. రంగు వేయడం మాత్రం పనికిరాని తోలు ముక్కల మీద నాకు నేనే నేర్చుకున్నాను. ఇవాళ మొదటిసారి నిండు తోలు చేతికిచ్చాడు. తడిగుడ్డతో తుడిచి, రంగు పలచగా కలిపి, గుండ్రంగా రుద్దుతూ పూత మీద పూత వేశాను. తోలంతా ఒకేలా ఎర్రమట్టి రంగు తిరిగింది. నడుమ మాత్రం రెండు పాలిపోయిన మచ్చలు. ఎంత రుద్దినా అక్కడ రంగు పట్టలేదు.

"ఏంది పిల్లా గిది, దూడ మూతికి పాలంటినట్టు?" అని అందరి ముందూ నవ్వాడు. "రంగు పని నీతోని కాదు గని, పోయి సూది పట్టు."

పోయి సూదే పట్టాను. ఇంటికొచ్చి అవ్వ కాళ్లకు ఆముదం రాస్తుంటే తట్టింది. పొద్దున షాపులో తన అరచేతుల పగుళ్లకు ఆముదం పూసుకుని, "మెత్తగున్నదా, జర సూడనీ" అంటూ తోలును రెండు చేతులతో ఒత్తింది సాయిలన్నే. నూనె తాగిన చోట రంగు దిగదు. ఆ మచ్చలకు వేళ్లు కూడా ఉన్నాయి!

చెబితే పనిలోంచే తీసేస్తాడేమో. చెప్పకపోతే ఇక జన్మంతా సూదే. నిద్ర పట్టడం లేదు.

సాయిలన్నా, రేపు ఆ మచ్చల మీద నీ చేతులు పెట్టు. నావీ పెడతాను. ఎవరివి సరిపోయాయో అందరి ముందూ నువ్వే చెప్పాలి. మధ్యాహ్నం సద్దులు విప్పేలోపు చెప్పాలి.