మూడో కంపెనీ వైరు

18 సెప్టెంబర్ 2024,
బుధవారం.

చిరంజీవి సుమనకు,

నీ అత్తమ్మ నిర్మలమ్మ దీవించి రాస్తున్న ఉత్తరం. ‘ఇచ్చట అందరం క్షేమం’ అనే వాక్యంతో మొదలుపెట్టమని బడిలో ఎన్ని తరాల పిల్లలకు నేర్పానో లెక్క లేదు. ఇచ్చట అందరం అంటే నేనొక్కదాన్నే. క్షేమం అంటే అబద్ధం. అందుకని ఆ వాక్యం వదిలేశాను. అక్కడ నువ్వూ, మల్లేష్, పాపా బాగుండాలి. నీ తమ్ముడు కృష్ణకాంత్ వ్యాపారం పెరిగిందని విన్నాను, సంతోషం. నీకూ నా కొడుకు మహేష్‌కూ పెళ్ళైన రోజు వడ్డించడానికి వచ్చి, సాంబారు బకెట్టు నా పట్టుచీర మీద బోర్లించిన పిల్లవాడు ఇంతవాడయ్యాడంటే దేవుడి మీద కాస్త నమ్మకం కలుగుతుంది.

పైన తేదీ వేశాను, ఊరు వేయలేదు. మరిచిపోయి కాదు. బడిలోనైతే దీనికి రెండు మార్కులు కోసేదాన్ని. నువ్వూ కోసుకో, కానీ చివరిదాకా చదువు.

సోమవారం నువ్వు పంపిన మెసేజి చూశాను. అత్తమ్మా, మూడు ఆదివారాలాయె, పిల్ల పలక పట్టుకొని కూసుంటది, చీకటి పడ్డదాక లేవది, అన్నం తింటలేదు, ఆశ పెట్టుడు కంటె అసలే లేకుంట చేస్తె నయం, ఇంక వీడియో కాల్ వద్దు అని రాశావు. ఎన్నిసార్లు చదివినా అందులో నాకు ఒక్క తప్పు దొరకలేదు. తప్పులు పట్టడమే జీతంగా బతికినదాన్ని, నాకే దొరకలేదంటే నువ్వు రాసింది నిజమే. కానీ సుమనా, ఆ పని చేయకు. చేసే ముందు ఈ మూడు ఆదివారాలు ఏం జరిగిందో విను.

నీకూ మల్లేష్‌కూ పెళ్ళి కుదిరిన రోజు వాళ్ల పెద్దమనుషులు అన్న మాట గుర్తుందా? పిల్ల ఒక్కింటికి అలవాటు కావాలె, పాతింటోళ్లు వస్తపోతుంటె దాని మనసు నిలువది, వారానికొకపారి ఫోన్ల చూసుకుంటె చాలదా అన్నారు. మహేష్ పోయి అప్పటికి ఏడాది దాటింది. నీకు మళ్ళీ పెళ్ళి కావాలని ముందుగా నోరు తెరిచింది నేనే. తెరిచిన నోటితో షరతును కాదనలేక తలూపాను. మీ గడప తొక్కనని మాటిచ్చాను. మల్లేష్ మంచివాడు. చెడ్డవాడై ఉంటే నాకు చాలా తేలికగా ఉండేది.

అప్పటినుంచి నా వారానికి ఒకటే రోజు. ఆదివారం నాలుగింటికి తెర వెలుగుతుంది, ఐదింటికి ఆరిపోతుంది. మధ్యలో ఆ ఇంగ్లీషు మీడియం బడి పిల్లకు తెలుగు అక్షరాలు. అనూహ్య పలక మీద రాసి కెమెరాకు ఎంత దగ్గరగా పెడుతుందంటే నాకు అక్షరానికి బదులు సుద్దపొడి కనపడుతుంది. వెనక్కి జరుపు బిడ్డా అంటే పలకను అక్కడే ఉంచి తాను వెనక్కి జరుగుతుంది. మామూలు ఫోన్‌లో మాట్లాడితే చాలదా అని నువ్వొకసారి అడిగావు. పలక వినపడదు కదమ్మా.

‘మ’ దాకా వచ్చాం. అవ్వా, గిది ఫోటోల బాపు పేర్ల మొదటి అచ్చరమే గద, మిగిలినయి ఎప్పుడు నేర్పుతవు అని అడిగింది. వచ్చే ఆదివారం అన్నాను. ఆ వచ్చే ఆదివారం ఇంకా రాలేదు.

నల్లగొండలో ఇల్లు ఖాళీ చేయాల్సి వచ్చిందని నీకు చెప్పాను. కొత్త ఇంట్లో నీళ్ళు ఎన్నింటికి వస్తాయో అడిగాను, కిరాయి బేరమాడాను, బాత్రూం గడియ పడుతుందో లేదో చూశాను. నెట్ సంగతి మాత్రం వచ్చాక చూసుకోవచ్చు అనుకున్నాను. కింది వాటా, మూడు వైపులా పక్కిళ్ల గోడలు. గదిలో ఫోన్ సిగ్నలు ఒక్క గీత, అదీ దానికి బుద్ధి పుట్టినప్పుడు. మేడ మీద బాగా వస్తుంది. కానీ మేడ మీద నుంచి పాపతో మాట్లాడలేను. ఎందుకో తర్వాత చెబుతాను.

మొదట పర్వతాలు అనే ఏజెంటును పట్టుకున్నాను. ఎంత స్పీడు కావాలె మేడం, యాభయ్యా, నూరా అన్నాడు. ఈ వయసులో నన్ను స్పీడు సంగతి అడిగిన మొదటి మనిషి అతనే. ఆరేళ్ల పిల్ల పలక కనపడేంత చాలన్నాను. అవతలోళ్లు ఫారిన్లున్నరా అన్నాడు. దూరంగానే ఉన్నారన్నాను.

గురువారం అతని మనిషి వైరు చుట్ట భుజాన వేసుకుని వచ్చాడు. నేను పాలు పొంగించాల్సింది శుక్రవారం. ఇల్లుగల్లామె అండాలు, పై వాటాలో ఉంటుంది, గుమ్మానికి అడ్డంగా నిలబడింది. పాలు పొంగకముందు చీపురు కట్ట సుత లోపలికి రాదు, గీ నల్ల వైరు ఎట్లొస్తది, రేపు రా పో అని పంపించేసింది. నేను పక్కనే ఉన్నాను. ఇలాంటి మాటలకు బడిలో స్టాఫ్‌రూమంతా నవ్వేలా జవాబు చెప్పినదాన్ని, ఆ రోజు అండాలు మాటకే తలూపాను. కొత్త బండికి పూజ చేయించకుండానే తోలిండంట అని మహేష్ శవం ముందర ఎవరో అన్నారు. అబద్ధమని తెలుసు. అయినా ఆ మాట నా చెవిలోంచి పోలేదు.

మరునాడు ఆ మనిషి రాలేదు. ‘కస్టమర్ వద్దన్నారు’ అని కంప్యూటర్లో రాసి మూసేశారట. మళ్ళీ మొదటినుంచి వరుసలో నిలబడాలట. పాలు మాత్రం చక్కగా పొంగాయి. ఆ ఆదివారం వానకు రాష్ట్రమంతా అతలాకుతలమైంది కాబట్టి, నేను తెర మీద కనపడకపోవడం నీకూ పెద్ద తప్పనిపించలేదు.

రెండోసారి, వైరే అక్కర్లేదు, గాలిలోనే వస్తుందని మెయిన్ రోడ్డు మీది దుకాణంలో ఒక తెల్ల డబ్బా అంటగట్టారు. దాన్ని కిటికీలో పెట్టాను, బీరువా మీద పెట్టాను, చివరికి దేవుడి పటాల మధ్య పెట్టాను. అక్కడే కాస్త నిలకడగా వెలిగింది. నాలుగింటికి పాప కనపడింది. ముందరి పన్ను ఊడింది. అయ్యో బిడ్డా అనడానికి నోరు తెరిచాను, అంతే, తెర బిగుసుకుపోయింది. మీ వైపు నేను నోరు తెరిచినట్టే ఉండిపోయానని తర్వాత నువ్వే చెప్పావు. అవ్వ ఫోటో అయిపోయింది అని పాప ఏడ్చిందని కూడా చెప్పావు. ఆ పిల్లకు తెలిసిన ఫోటో ఒక్కటే సుమనా, దండ వేసి ఉన్నది. అందులోని మనిషి కదలడు. అవ్వ కూడా కదలడం మానేసిందనుకుంది. ఆ రాత్రి డబ్బాను గుడ్డలో చుట్టి దుకాణానికి తిరిగి ఇచ్చేందుకు పక్కన పెట్టాను. వాళ్ళు తీసుకోలేదు, అది వేరే భాగోతం.

మూడోసారి మళ్ళీ పర్వతాలు కాళ్ళావేళ్ళా పడ్డాను. శనివారం వైరు వచ్చింది. గోడకు చిన్న పెట్టె బిగించారు, పచ్చ దీపం వెలిగింది. ఆ దీపం ముందు కాసేపు కూర్చున్నాను. అండాలు చూసి, హారతియ్యమంటవా టీచరమ్మా అని ఎగతాళి చేసింది. ఆదివారం మధ్యాహ్నమే పలక కడిగి పెట్టుకున్నాను. మూడున్నరకు మా గల్లీలో వినాయకుడి ఊరేగింపు వచ్చింది. విగ్రహం మేడల్ని దాటి ఉంది. ట్రాక్టరు ముందు పిల్లలు వెదురు కర్రలతో వైర్లు పైకెత్తుతూ నడుస్తున్నారు. ఒక వైరు లేవలేదు. ఒకడు కత్తిరించేశాడు. పచ్చ దీపం ఎర్రదైంది. రోడ్డు మీదికి వెళ్ళి అరిచాను. ఆ డీజేలో నా అరుపు నాకే వినపడలేదు. ఒక పిల్లాడు నేను భక్తితో ఊగుతున్నాననుకుని నుదుట గులాలు పూసి పోయాడు.

అప్పుడే నీకు మామూలు ఫోన్ చేశాను. నీ గొంతు వెనక కూడా డప్పులు మోగుతున్నాయి. నేను లేచి తలుపు మూసి మాట్లాడాను. ప్రతిపారి గిదే ముచ్చట అత్తమ్మా అన్నావు. నీ వెనక పాప, అవ్వకు నా మీద కోపమొచ్చిందా అమ్మా అని అడగడం వినపడింది. నువ్వు ఫోన్ పెట్టేశావు.

పర్వతాలు ఏమో నిమజ్జనాలు కానీయుండ్రి మేడం, జర ఓపిక పట్టుండ్రి అంటాడు. ఓపిక నా దగ్గర చాలా ఉండేది. మహేష్ దవాఖానలో ఉన్నన్ని రోజులు దాన్నే వాడాను. ఇప్పుడు అడుగున కొంచెమే మిగిలింది.

ఇక మూడో కంపెనీ ఒకటుంది. కాలనీలో ఎవరిని అడిగినా దాని పేరే. మొదటి రోజే అండాలు, గా లైను పెట్టుకో టీచరమ్మా, పొద్దుగాల చెప్తె పగటాల్లకు పెడ్తరు, తెగితె గంటల అతికిస్తరు అంది. ఆమెకు నెట్టే లేదు, అయినా సిఫారసు చేసింది. చివరికి పర్వతాలు కూడా నా బాధ చూడలేక, గదే తీస్కోండ్రి మేడం, నేను చెప్పిన్నని చెప్పకుండ్రి అన్నాడు. నేను వద్దన్నాను. ఇద్దరూ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశారు. అన్నిటికంటే మంచి లైను గుమ్మం ముందే ఉండగా చెడ్డవాటి వెంట తిరిగాను. కారణం ఉంది. నీ మెసేజి వచ్చాక ఆ కారణం చిన్నదైపోయింది. నిన్న ఆ మూడో కంపెనీకే దరఖాస్తు ఇచ్చాను.

సుమనా, నేనెవరినీ బతిమాలిన మనిషిని కాదు. ఇన్‌స్పెక్షన్‌కు వచ్చిన ఆఫీసర్లే నా గదిలోకి వచ్చే ముందు తలుపు తట్టేవాళ్ళు. ఇప్పుడు బతిమాలుతున్నాను. ఒక్క ఆదివారం ఇవ్వు. ఆ రోజు కూడా నేను పాపకు కనపడకపోతే నువ్వు చెప్పినట్టే చెయ్యి, మళ్ళీ నోరెత్తను. పాపకు మాత్రం ఇవాళే చెప్పు, అవ్వకు కోపం రాలేదని, అవ్వ ఫోటో కాలేదని. ఇంకా కదులుతోందని.

నీ జవాబు కోసం గుమ్మంలోనే కూర్చున్న,
నిర్మలమ్మ.

తా.క. ఇప్పుడు ఊరు పేరు వేస్తాను. మహబూబ్‌నగర్. మీ వెనక గల్లీ, అండాలమ్మ ఇంటి కింది వాటా.

నల్లగొండలో నన్నెవరూ ఖాళీ చేయమనలేదు. తెర మీద పిల్ల ఎత్తు తెలియదు సుమనా. అందరూ జానెడే ఉంటారు. రెండేళ్లలో ఎంత పెరిగిందో చూడాలనిపించింది. గడప తొక్కనన్నాను గాని ఊరు మారనని ఎవరికీ మాటివ్వలేదని సర్ది చెప్పుకుని వచ్చేశాను. పాత ఇంటి క్యాలెండరు తెచ్చి నా కుర్చీ వెనక అదే తీరుగా తగిలించాను, తెర మీద తేడా తెలియకూడదని. మేడ మీద నుంచి మాట్లాడితే నా వెనక మీ నీలం ట్యాంకు, తీగ మీద పాప గౌన్లు కనపడతాయి. అది గుర్తుపట్టేస్తుంది. ఆదివారం నీ ఫోన్‌లో, నా గల్లీలో మోగినవి ఒకటే డప్పులు. నా వైరు తెంపి వచ్చి మీ ఇంటి ముందు ఆగిన వినాయకుడు ఒకడే.

మూడో కంపెనీకి ఈ ఏరియాలో లైన్లు ఇచ్చేది మీ కృష్ణకాంత్. ఇంటి నంబరు, ఆధార్ కార్డు ఇవ్వనిదే వైరు రాదు. ఇచ్చాను. ఇవాళో రేపో నా పేరు చూసి నీ దగ్గరికి పరుగెత్తుకొస్తాడు. అతను చెప్పకముందే నేను చెప్పాలని ఈ ఉత్తరం. కవరు మీద ముద్ర వెతకకు, మీ పాల సంచిలో వేసింది నేనే. సంచి గేటుకు బయటే ఉంది, గడప తొక్కలేదు.

రోజూ పొద్దున బడి ఆటో మీ వెనక గేటు దగ్గర ఆగుతుంది. కిటికీ రెక్క చాటు నుంచి చూస్తాను. ఒక్కసారి కూడా పిలవలేదు. నేను వదిలినప్పటి పాపకైతే ఎత్తుకుంటే తప్ప అందని గేటు గొళ్ళెం ఇప్పుడు అదే తీసుకుంటోంది. అంత ఎత్తయింది.

కృష్ణకాంత్‌ను వైరు పెట్టమంటావో, చుట్టుకుపొమ్మంటావో నీ ఇష్టం. ఆదివారం నాలుగింటికి పలక కడిగి ఉంచుతాను. నా తలుపు గొళ్ళెం కూడా దానికి అందే ఎత్తులోనే ఉంది.