ఇంట్లో మందు ఎక్కడ పెడతారు?

కౌన్సెలర్ మేడమ్ గారికి,

రఘునాథపల్లి నుంచి జశ్వంత్ వాళ్ల నాయినను రాస్తున్నాను. యూనివర్సిటీలో మావాడితో నెల రోజులుగా మాట్లాడుతున్నామని మీరు ఫోన్ చేసినప్పుడే నాకు అనుమానమొచ్చింది. చదువు సంగతి వదిలేసి, పత్తికి కొట్టే పురుగుల మందు ఇంట్లో ఎక్కడ పెడతారని అడిగారు. "గదంతా మీకెందుకు మేడమ్? మా ఇంటి ముచ్చట్లు మీకెవలు చెప్పిండ్రు?" అని కసిరాను. మీరు మాత్రం "బాబు ఇంటికొచ్చేలోపు తీసేయండి" అన్నారు.

మీ మీద నమ్మకం లేకపోయినా కొట్టంలో ఉన్న డబ్బాలు మా తమ్ముడింటికి పంపాను. నిన్న జశ్వంత్ బస్సు దిగి, కాళ్లు కూడా కడుక్కోకుండా నేరుగా కొట్టంలోకి పోయాడు. ఎన్నడూ చేను మొహం చూడని పిల్లాడు, బయటికొచ్చి "నాయినా, మందు డబ్బాలేవి?" అన్నాడు.

ఫోన్ చేస్తే వింటాడని ఈ ఉత్తరం తమ్ముడి చేతికిచ్చి పంపుతున్నాను. వాడి పక్క నుంచి నేను కదలడం లేదు. వాడినేమని అడగాలో తమ్ముడికి చెప్పి పంపండి.