ఆవిడ కోసం ఎందుకేడ్చానో

గుడివాడ,
బుధవారం

ఏమండీ, కాలి కట్టు విప్పేశారు, కర్ర పట్టుకుని ఇంట్లో తిరుగుతున్నాను, బెంగపెట్టుకోకండి.

మంచం మీద పొద్దుపోవడం లేదంటే చెల్లెలి కూతురు యశస్విని ఒక క్రైమ్ నవల ఇచ్చింది. అందులో ఒకావిడ మొగుడికి కాఫీలో విషం కలిపింది. ఆయన తాగడు, కొట్టడు, తిట్టడు. ఆవిడ ఏం చెప్పినా పలకడు, అంతే. చివర్లో పోలీసులు ఆవిణ్ణి తీసుకెళ్తుంటే నాకు ఏడుపాగలేదు.

"పెద్దమ్మా, చచ్చిపోయింది ఆయన కదా, నువ్వు ఆవిడ కోసం ఏడుస్తావేంటి?" అంది యశస్విని. చంపడం తప్పే కదండీ?

మనసు మళ్లుతుందని ఫోన్‌లో ఏవో కొత్త బ్యాండ్ల పాటలు పెట్టింది. కుర్రాళ్లు సినిమాలకి కాకుండా వాళ్లకి వాళ్లే రాసుకుని పాడుకుంటారట. పాటలో కబుర్లో నాకు తేలలేదు. ఒకబ్బాయైతే "వింటున్నావా" అన్న ముక్కే పాడుతూ పోయాడు. అది మాత్రం మళ్లీ మళ్లీ పెట్టించుకున్నాను. ఎందుకో మీకేమన్నా తెలుస్తోందా?

గేదె ఈనిందా? డాబా మీద మజ్జిగ మిరపకాయలు వాన రాకముందే తీయండి. అవనిగడ్డలో చేయమని ఇచ్చిన నా కొత్త కళ్లజోడు తెచ్చారా?

ఫోన్ చేస్తే "ఊఁ" అని పెట్టేస్తారు, అందుకే కార్డు రాస్తున్నాను. రెండు ముక్కలైనా మీ చేత్తో జవాబు రాయండి. ఆదివారం బస్సెక్కి కోడూరు వచ్చేద్దామనుకున్నాను గానీ, ఆ జవాబు అందాకే బయల్దేరతాను.

అత్తయ్యగారికి నా దణ్ణాలు చెప్పండి.

మీ
అరుణకుమారి