మా ఆవిడ వేసిన మార్కు

మేడమ్ గారికి, ఆసుపత్రిలో చక్రాల కుర్చీ తోసేవాడు నమస్కరించి రాసేది.

నా రాత కోడి గీకినట్టుంటుంది, తప్పులూ ఉంటాయి. ఊరి బడిలో అయిదు వరకే చదివాను, మన్నించాలి.

మొన్న మా స్వభావాలు తెలుసుకోవాలని మీరు పనివాళ్లందరికీ ప్రశ్నల కాగితం ఇచ్చారు. ఒకటి నుంచి అయిదు దాకా ఎవరి మార్కులు వాళ్లే వేసుకోవాలన్నారు. నా గుణం నేనే చెప్పుకోవడం బాగుండదని, కాగితం ఇంటికి తీసుకెళ్లి మా ఆవిడ చేత వేయించాను. అది నా తప్పు. కొత్తవాళ్లతో కలుపుగోలుగా ఉంటారా అన్నచోట ఆవిడ నవ్వింది. "మీరా? చుట్టాలొస్తే పెరట్లోకి జారుకునే మనిషి. ఒకటి కూడా ఎక్కువే" అంది.

ఆ ఒకటి చూసి నన్ను సోమవారం నుంచి దుప్పట్లు ఉతికే గదికి వెళ్లమన్నారు.

ఆవిడ అబద్ధం చెప్పలేదు. ఇంట్లో నాకు నోరు పెగలదు. కానీ ఆపరేషన్‌కి వెళ్లేవాళ్లు కుర్చీని గట్టిగా పట్టుకుని కూర్చుంటారు. నేను వెనక ఉంటాను కాబట్టి నా మొహం వాళ్లకు కనపడదు. అప్పుడు మాటలు వాటంతటవే వస్తాయి. పిల్లలెందరనీ, ఏం పని చేస్తారనీ అడుగుతాను. ఆపరేషన్ గది తలుపు దగ్గరికి చేరేసరికి వాళ్ల పట్టు కాస్త వదులవుతుంది.

మళ్లీ కాగితం ఇస్తే ఈసారి అయిదు వేస్తానని మా ఆవిడ అంటోంది. వద్దన్నాను. ఇంట్లో ఉండే నాకు ఆ ఒకటే సరి. మీరు ఒకపూట నా కుర్చీ వెంట నడిచి చూసి, ఇక్కడి మార్కు మీరే వేయండి. సోమవారం లోపల జవాబు రాయగలరు.